బీరువాలో దాచిన టేపు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచెత్తింది. అక్కడే మా బావకి ఏసీ సర్వీసు షాపు ఉంది. నీళ్లు తీశాక షట్టరు ఎత్తడానికి నేనూ వెళ్లాను. గ్యాస్ సిలిండర్లు ఒక మూలకి కొట్టుకుపోయి ఉన్నాయి. టేబుల్ కింద సీపీయూ నిండా మెత్తటి బురద. దాని వెనకాల యూఎస్‌బీ తీగకి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి వేలాడుతోంది, దాని అంచులోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"బ్యాకప్ ఉంది కదా బావా?" అన్నాను.

"ఉందిరా. ఇదే" అంటూ ఆ డిస్క్‌ని చేతిలోకి తీసుకున్నాడు.

అందులో ఏముందో తెలిస్తేగానీ ఆయన మొహం ఎందుకు అలా అయిపోయిందో అర్థం కాదు. ఎవరింటి ఏసీకి గ్యాస్ ఎప్పుడు నింపారు, కంప్రెసర్ ఎప్పుడు మార్చారు, దానికి వారంటీ ఎంతవరకు ఉంది, ఎవరి ఏఎంసీ ఏ నెలలో ముగుస్తుంది, ఏ అపార్ట్‌మెంట్ వాళ్లు ఎంత బాకీ ఉన్నారు, అన్నీ అందులోనే. సర్వీసు షాపుకి అసలు ఆస్తి అదే. పనిముట్లు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ జాబితా ఏ కొట్లోనూ దొరకదు.

లెక్కలు మాత్రం దక్కాయి. జీఎస్టీ రిటర్నుల కోసం గుంటూరులోని ఆడిటర్ గారికి నెలనెలా ట్యాలీ డేటా పంపేవారు కాబట్టి, జులై నాటి ప్రతి ఆయన కంప్యూటర్‌లో భద్రంగా ఉంది. సర్వీసు రిజిస్టరు ఎక్సెల్‌లో ఉండేది, అది ఎవరికీ పంపలేదు. తడిసిన బిల్లు పుస్తకాల్ని డాబా మీద ఆరబెట్టి, అంటుకుపోయిన కాగితాల్ని ఒక్కొక్కటే విడదీసి, మెకానిక్కుల ఫోన్లలో పాత కాల్స్ వెతికి, మూడు నెలల పాటు మళ్లీ రాసుకున్నారు. చాలా పేర్లు తిరిగి రాలేదు.

డిస్కులు రెండు ఉన్నాయి, టేబుల్ మాత్రం ఒక్కటే. జరిగిన పొరపాటంతా అదే. కంప్యూటర్లతో మొదట పనిచేసిన తరం ఈ పాఠాన్ని ఒక వస్తువు చేతుల్లో నేర్చుకుంది. దాని పేరు మాగ్నెటిక్ టేపు. పాటల క్యాసెట్‌గా మనందరికీ తెలిసిన ఆ గోధుమరంగు పట్టీకి ఇంకా పెద్ద జీవితం ఉంది.

1898లో డెన్మార్క్‌కి చెందిన వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కు తీగ మీద మాటని బంధించాడు. గొంతుని విద్యుత్తుగా, విద్యుత్తుని అయస్కాంతంగా మార్చి తీగ పొడవునా పరిచాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆ యంత్రంలోకి ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ మాట్లాడిన మాటలు ఇప్పటికీ వినబడతాయి. కానీ తీగ మెలిపడేది, ఉక్కు బరువు ఎక్కువ. దానికి మందు డ్రెస్‌డెన్‌లో ఫ్రిట్జ్ ఫ్లయిమర్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. సిగరెట్ల చివర మెరిసే బంగారు రంగు పట్టీ వేయడం ఆయన ఎరిగిన పని. కాగితానికి లోహపు పొడిని అంటించగలిగినవాడు ఇనుము పొడిని ఎందుకు అంటించకూడదు? 1928లో ఆ ఆలోచనకి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఏఈజీ కంపెనీ యంత్రాన్ని, బీఏఎస్ఎఫ్ ప్లాస్టిక్ టేపుని తయారుచేసి 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో జనం ముందుంచాయి. యుద్ధం ముగిశాక జాక్ మలిన్ అనే అమెరికా సైనిక ఇంజనీరు అలాంటి యంత్రాలు రెండింటిని విడగొట్టి స్వదేశానికి పంపుకున్నాడు. అక్కడ రేడియో, సినిమా వాళ్ల చేతుల్లో టేపు పెరిగి పెద్దదైంది.

ఆ పట్టీ మీద పూత ఏమిటంటే, మనం గేటు మీద చూసే తుప్పుకి దగ్గరి బంధువైన ఐరన్ ఆక్సైడ్. పూతలోని ప్రతి నలుసూ ఒక చిట్టి అయస్కాంతం. టేపు 'తల' అనే ఒక విద్యుదయస్కాంతాన్ని రాసుకుంటూ వెళుతుంది. ఉంగరం ఆకారంలో ఉండే ఆ అయస్కాంతానికి ఒకచోట సన్నటి చీలిక ఉంటుంది. చీలిక దగ్గర పొంగే అయస్కాంత బలం నలుసుల దిక్కుని ఇటో అటో మారుస్తుంది. మారిన నలుసు అలాగే ఉండిపోతుంది. కరెంటు తీసేసినా, యంత్రంలోంచి తీసి బీరువాలో పెట్టినా తన దిక్కుని మరచిపోదు. గుర్తుంచుకోవడానికి ఏ కరెంటూ అక్కర్లేని జ్ఞాపకం అది. నా దృష్టిలో టేపు చేసిన మేలంతా ఈ ఒక్క గుణంలోనే ఉంది.

1951లో యూనివాక్ కంప్యూటర్ లోహపు టేపు వాడింది. మరుసటి ఏడాది మే నెలలో ఐబీఎం ప్రకటించిన 726 యంత్రం ప్లాస్టిక్ టేపుకి మారింది. అర అంగుళం వెడల్పు, అంగుళానికి 100 అక్షరాలు, సెకనుకి 75 అంగుళాల వేగం. పక్కపక్కనే ఏడు గీతలుగా రాసేది. ఆరింటిలో సమాచారం, ఏడోది సరిచూడడానికి. నిలువు వరసలో ఒక బిట్టు చెడితే ఏడో గీతతో లెక్క కుదరదు, యంత్రం వెంటనే పట్టేస్తుంది. తర్వాత వచ్చిన 729లో రాసే తలని ఆనుకునే చదివే తల కూడా పెట్టారు. రాసిన అక్షరాన్ని ఆ క్షణమే చదివి సరిపోల్చుకునేది. రాశాక చదివి చూడాలన్న పట్టుదల దానికి పుట్టుకతోనే ఉంది.

726 ముందు ఒక చిక్కు ఉండేది. కంప్యూటర్ అడిగినప్పుడల్లా టేపు సెకనులో వెయ్యోవంతుల్లో కదిలి, అంత త్వరగానూ ఆగాలి. బరువైన చుట్ట అంత తొందరగా కదలదు, లాగితే టేపు తెగుతుంది. జేమ్స్ వైడెన్‌హామర్ అనే ఇంజనీరు చుట్టకీ తలకీ మధ్య నిలువు గొట్టాలు పెట్టి, అడుగునుంచి గాలి పీల్చే ఏర్పాటు చేశాడు. టేపు ఆ గొట్టంలో ఉయ్యాలలా జారి వేలాడుతుంది. తల దగ్గర ఎంత కుదుపు వచ్చినా ఆ వదులు తీసుకుంటుంది, చుట్ట నెమ్మదిగా తన పని తాను చేసుకుంటుంది. పాత సినిమాల్లో కంప్యూటర్ అనగానే ఆగి ఆగి తిరిగే రెండు పెద్ద చక్రాలు కనిపిస్తాయి కదా, అవే ఇవి.

1956లో ఐబీఎం రామాక్‌తో డిస్కు వచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50, నిల్వ 50 లక్షల అక్షరాలు. టేపులో కావలసిన చోటికి చుట్ట తిప్పుకుంటూ వెళ్లాలి, డిస్కులో నేరుగా అక్కడికే దూకొచ్చు. రోజువారీ పని డిస్కుకి పోయింది. కానీ డిస్కు తల పళ్లేనికి వెంట్రుకంత దూరంలో తిరిగే వ్యవహారం, తగిలిందంటే అక్కడి రాత గీసుకుపోతుంది. అందుకని రాత్రి పని ముగిశాక డిస్కులో ఉన్నదంతా టేపుకి ఎక్కించి, ఆ టేపుని మరో భవనానికి పంపడం అలవాటైంది. టేపు ఉద్యోగం మారి కాపలాదారు అయింది.

ఆ కాపలాలో రెండు పద్ధతులు నాకు ముచ్చటగా అనిపిస్తాయి. పాత చుట్టల వెనక ఒక ప్లాస్టిక్ ఉంగరం పెట్టే గాడి ఉండేది. ఉంగరం ఉంటేనే యంత్రం దాని మీద రాస్తుంది. పీకేస్తే చదువుతుందే తప్ప, ఎవరు ఏ మీట నొక్కినా రాయదు, చెరపదు. రెండోదానికి తాత, తండ్రి, కొడుకు అని పేరు. రోజూ తీసేది కొడుకు, వారానికొకటి తండ్రి, నెలకొకటి తాత. కొత్త ప్రతి ఉండగా పాతవెందుకంటే, తప్పు జరిగిన రోజే బయటపడదు. సోమవారం ఒక జాబితా చెరిగితే గురువారం గమనిస్తాం. అప్పటికి బుధవారం రాత్రి ప్రతిలోనూ ఆ జాబితా ఉండదు. తండ్రి దగ్గర ఉంటుంది.

టేపు కాలం చెల్లిందని ఎన్నోసార్లు అన్నారు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయాయి. గూగుల్ వేర్వేరు కేంద్రాల్లో ఉంచిన ప్రతులకీ ఆ పొరపాటు పాకింది. చివరికి ఉత్తరాలన్నీ టేపుల మీంచే తిరిగొచ్చాయి, ఎందుకంటే టేపు ఏ తీగకీ తగిలించి లేదు.

2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే దుష్ట ప్రోగ్రాం డెన్మార్క్ ఓడల కంపెనీ మెర్‌స్క్‌ని కుదిపేసింది. ఎవరికి ఏ కంప్యూటర్‌లోకి ప్రవేశం ఉందో చెప్పే సర్వర్లు ఆ కంపెనీకి ప్రపంచమంతటా 150 దాకా ఉండేవి. ఒకదానికొకటి ప్రతిగా ఉంటాయన్న ధీమాతో వాటికి విడిగా బ్యాకప్ ఉంచలేదు. అన్నీ ఒకే వలలో ఉండడంతో అన్నీ పోయాయి. మిగిలింది ఘానాలో ఒకటి, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండడం వల్ల. దాన్ని మరమ్మతు పని సాగుతున్న బ్రిటన్‌కి చేర్చాలి. ఘానా ఉద్యోగుల్లో ఎవరికీ అక్కడి వీసా లేకపోతే ఒకరు ఆ సర్వర్ డిస్కుని విమానంలో నైజీరియా దాకా తెచ్చి, మరొకరి చేతికి అందించారు. పది రోజుల్లో 4,000 సర్వర్లనీ 45,000 కంప్యూటర్లనీ మళ్లీ నిలబెట్టారు. కరెంటు కోత కాపాడిన దాన్ని అంతకుముందే ఒక బీరువా కాపాడగలిగేది.

ఇప్పటి టేపు అరచేతిలో పట్టే డబ్బాలో ఉంటుంది. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 లోపల కిలోమీటరు పైన పొడవున్న పట్టీ, 18 టెరాబైట్ల నిల్వ. వెడల్పు మాత్రం ఇప్పటికీ 1952 నాటి అర అంగుళమే.

మా బావ షాపుకి టేపు డ్రైవు అక్కర్లేదు, దాని ధర లక్షల్లో ఉంటుంది. కావలసింది దాని నడవడిక. ఇప్పుడు రెండు చిన్న హార్డ్ డిస్కులు కొన్నాడు. శనివారం సాయంత్రం ఒకదానిలోకి అంతా ఎక్కించి, తీగ పీకి, గుంటూరులో ఉండే కూతురింటికి పంపుతాడు, అక్కడున్నది వెనక్కి వస్తుంది. మూడో ప్రతి క్లౌడ్‌లో, పాత రూపాలు కూడా నిలిచి ఉండేలా. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయే ఏర్పాటు బ్యాకప్ కాదని ఆయనకి గట్టిగా చెప్పాను. మూడు ప్రతులు, రెండు రకాల చోట్లు, ఒకటి దూరంగా. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. కంపెనీగా రిజిస్టరైన వాళ్లకి ఇది ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. కంప్యూటర్‌లోని లెక్కల బ్యాకప్‌ని రోజూ మన దేశంలోని సర్వర్‌లో ఉంచాలని 2022 ఆగస్టులో నిబంధన వచ్చింది. జీఎస్టీ లెక్కలైతే వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి.

నెలకోసారి మా మేనకోడలు ఆ డిస్కుని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఏదో ఒక కస్టమర్ పేరు వెతికి, వాళ్ల ఏసీ చరిత్ర తెరిచి, ఫోన్‌లో తండ్రికి చదివి వినిపిస్తుంది. మొదటి నెల ట్యాలీ తెరుచుకుంది, సర్వీసు రిజిస్టరు కనిపించలేదు. ఆ ఫోల్డరుని ఎంచుకోవడం మరిచిపోయారట. వరద రాకముందే తెలిసింది, సరిచేశారు.

మీకూ ఒక షాపో, వర్క్‌షాపో, చిన్న ఆఫీసో ఉంటే, బ్యాకప్ ఉందా అని కుర్రాణ్ణి అడిగి ఊరుకోకండి. ఈ శనివారం ఆ ప్రతిని వేరే కంప్యూటర్‌కి తగిలించి, ఒక్క ఫైలైనా మీ కళ్లముందు తెరిపించి చూడండి.