జరీబు తాడు నుంచి ప్రోటాన్ దాకా: ఒక గజంలో ఎన్ని ఫెర్మీలు?

హైదరాబాద్‌లో ఎవరైనా ప్లాట్ కొన్నారంటే ముందు వచ్చే ప్రశ్న "ఎన్ని గజాలు?" అనే. తెలంగాణ పల్లెల్లో అయితే "ఎన్ని గుంటలు?" అంటారు. ఆంధ్రలో సెంట్లలో చెబుతారు. ఇదే గజాన్ని పరమాణువు లోపలి కొలతల్లోకి మారిస్తే ఎంతవుతుంది? లెక్క సరదాగానే ఉంటుంది. కానీ కొలతలో తేడా వస్తే ఎవరు నష్టపోతారన్నది కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం

పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకాన్ని కొలవాలంటే మీటరు మరీ పెద్దది. అందుకే శాస్త్రవేత్తలు ఫెమ్టోమీటరు వాడతారు. 1 పక్కన 15 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యతో మీటరును భాగిస్తే వచ్చేది ఒక ఫెమ్టోమీటరు. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ పేరు మీద దీన్నే ఫెర్మీ అని కూడా పిలుస్తారు.

నేటి గజం 36 అంగుళాలు. 1959లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఇది సరిగ్గా 0.9144 మీటర్లు. అంటే 9.144 కోటి కోట్ల ఫెర్మీలు. బ్రిటిష్ సర్వేయర్లు వాడిన గంటర్ గొలుసు పొడవు 22 గజాలు. అది 201.168 కోటి కోట్ల ఫెర్మీలు అవుతుంది. ఒక ప్రోటాన్ అడ్డకొలత సుమారు 1.68 ఫెర్మీలు. కాబట్టి ఒక్క గజం నిండాలంటే దాదాపు 5.4 కోటి కోట్ల ప్రోటాన్లను పక్కపక్కన పేర్చాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే

"200 గజాల ప్లాట్" అన్నప్పుడు ఆ గజం పొడవు కాదు, చదరపు గజం. పొడవుకు 15 సున్నాలు వస్తే విస్తీర్ణానికి 30 సున్నాలు వస్తాయి. ఇంటి లెక్కలోనూ ఇదే సూత్రం. 200 చదరపు గజాలను 0.9144తో గుణిస్తే 182.88 వస్తుంది. అది తప్పు. గుణించాల్సింది 0.8361తో. అప్పుడు 167.22 చదరపు మీటర్లు వస్తాయి. ఈ ఒక్క పొరపాటుతో కాగితం మీద దాదాపు 19 గజాలు ఎక్కువ కనిపిస్తాయి.

విస్తీర్ణానికి భౌతిక శాస్త్రంలో 'బార్న్' అనే కొలత ఉంది. బార్న్ అంటే ఇంగ్లిష్‌లో రైతులు ధాన్యం, మేత దాచుకునే కొట్టం. 1942లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. కణాలు వచ్చి తగలడానికి యురేనియం కేంద్రకం కొట్టమంత పెద్దది అన్నది అందులోని చమత్కారం. ఒక బార్న్ 100 చదరపు ఫెర్మీలు. మన గుంట 121 చదరపు గజాలు, అంటే సుమారు 101.17 చదరపు మీటర్లు. దాన్ని బార్న్‌లలోకి మారిస్తే 1 పక్కన 30 సున్నాలకు కాస్త పైన వస్తుంది.

ఇంతకీ ఏ గజం?

గజం, జరీబు రెండూ ఫార్సీ నుంచి వచ్చిన మాటలు. అక్బర్ కాలంలో ఇలాహీ గజం 41 వేళ్ల వెడల్పు అని అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో రాశారు. 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు దాన్ని 33 అంగుళాలుగా ఖరారు చేశారు. నేటి గజానికీ దానికీ తేడా 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు. ఫెర్మీల్లో చెబితే అదే 76 లక్షల కోట్లు! పాత పత్రంలో 'గజం' అని ఉంటే అది ఏ గజమో తేల్చుకోకుండా ఎన్ని సున్నాలు రాసినా లాభం లేదు.

అప్పట్లో పొలాన్ని జనపనార తాడుతో కొలిచేవారు. 60 గజాల పొడవు, 60 గజాల వెడల్పు ఉంటే ఒక బిఘా. మంచుకు తడిస్తే ఆ తాడు కురచయ్యేది. 60 గజాల తాడు ఒక్క గజం తగ్గిందనుకోండి. పొడవులోనూ వెడల్పులోనూ తేడా పడి, 100 బిఘాల పొలం లెక్కలో 103 బిఘాలు దాటిపోతుంది. లేని మూడు బిఘాలకు కూడా రైతు శిస్తు కట్టాలి. అందుకే అక్బర్ పాలనలోని 19వ ఏట తాడు తీసేసి, ఇనుప కడియాలతో కలిపిన వెదురు కర్రలు తెచ్చారు.

ప్రోటాన్‌కూ అదే తిప్పలు

ప్రోటాన్ వ్యాసార్ధం సుమారు 0.877 ఫెర్మీ అని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 2010లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో మ్యూయాన్ అనే కణం సాయంతో కొలిస్తే 0.842 వచ్చింది. తేడా 4 శాతమే అయినా ప్రపంచవ్యాప్తంగా పెద్ద చర్చ నడిచింది. 60 గజాల జరీబులో 4 శాతమంటే దాదాపు రెండున్నర గజాలు మరి! ఆ తర్వాత జరిగిన కొలతల్లో ఎక్కువ భాగం చిన్న విలువనే బలపరిచాయి.

సున్నాలు పెరిగినంత మాత్రాన కొలతకు కచ్చితత్వం రాదు. తాడులో ఉన్న లోపం ఫెర్మీల్లోకి మార్చినా అలాగే ఉంటుంది. క్యాలిక్యులేటర్ పది అంకెలు చూపించినా, నేల మీద టేపు అంగుళం దాకానే పట్టుకుంటే మిగతా అంకెలకు విలువ లేదు. భూమి పత్రం చేతికొచ్చినప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. అది ఏ గజం? పొడవా, విస్తీర్ణమా? దేనితో కొలిచారు? ఈ మూడూ తేలాకే గుణకారం మొదలుపెట్టాలి.