రైల్వే వాటాపత్రాలు – అనంతపురం కరువు చరిత్ర: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
పాత కంపెనీల వాటాపత్రాలను, బాండ్లను సేకరించే అభిరుచికి 1970ల చివర ‘స్క్రిపోఫిలీ’ అనే పేరు స్థిరపడింది. సేకర్తలు వాటి అలంకరణకు, సంతకాలకు, అరుదైన స్థితికి విలువ కడతారు. ప్రాంతీయ చరిత్ర పరిశోధకులకు మాత్రం అవి ఆర్థిక ఆధారాలు. అనంతపురం ప్రాంతం మీదుగా సాగిన రైలుమార్గాల వాటాపత్రాలను ఆ దృష్టితో ఎలా చదవాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. హామీ వడ్డీ:
లండన్‌లో ఏర్పడిన మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం – వాలాజా రోడ్డు మార్గాన్ని ప్రారంభించింది. దాని వాయవ్య మార్గం అరక్కోణం నుంచి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. పెట్టుబడిలో అత్యధిక భాగం ఇంగ్లండులో సమకూరింది. రాబడి సుమారు 5 శాతం వడ్డీకి చాలనప్పుడు లోటును భారతదేశ ఆదాయం నుంచి పూరించేవారు. అందువల్ల పత్రంపై వాటాదారు పేరు మాత్రమే కనిపించినా, ఆ వడ్డీ భారంలో శిస్తు కట్టిన దత్తమండల రైతుకూ భాగం ఉంది.

2. ధాత కరువు:
1876–78 నాటి ధాత కరువు వచ్చేనాటికే గుత్తి, తాడిపత్రి ప్రాంతాలకు రైలు ఉంది. రేవుల నుంచి ధాన్యం రైలులో లోపలి జిల్లాలకు చేరింది. అయితే పంట పోయి, కూలి దొరకక, ధరలు పెరిగిన వేళ కొనుగోలు శక్తి లేనివారికి అది అందలేదు. వాన తప్పింది, వడ్డీ హామీ తప్పలేదు. 1880 నాటి కరువు కమిషన్ కరువు రక్షణ మార్గాలను సిఫారసు చేసింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. దాని మార్గం హోస్పేట, బళ్లారి మీదుగా గుంతకల్లు చేరింది. దాని పెట్టుబడికీ ప్రభుత్వ హామీ లభించింది. కరువు నివారణ కూడా ఆ విధంగా హామీ పెట్టుబడికి ఆధారమైంది.

3. పఠన పద్ధతి:
పత్రంలో కంపెనీ పేరు, తేదీ, హామీ షరతులు, బదిలీ వివరాలు, రద్దు గుర్తులు పరిశీలించాలి. కంపెనీ పేరు కాలనిర్ణయానికి తోడ్పడుతుంది: ‘మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే’ అని ఉంటే అది 1908లోనో, ఆ తరువాతనో జారీ అయినదే. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడింది కనుక, అంతకు పూర్వపు సమాచారాన్ని బళ్లారి జిల్లా రికార్డులలో వెదకాలి.

ముగింపు:
వాటాపత్రం పెట్టుబడి ఎవరిదో చెబుతుంది. దాని భారం ఎవరు మోశారో చెప్పదు. శిస్తు లెక్కలు, కరువు నివేదికలు, మౌఖిక సాహిత్యంతో పక్కపక్కన ఉంచి చదివినప్పుడే అది ఈ నేల చరిత్రకు సాక్ష్యమవుతుంది.