మర్యాద ఎరిగిన ఛాయాచిత్రకళ

పరాయి ప్రాంతానికి వెళ్ళి వృత్తి సాగించే ఛాయాచిత్రకారునికి రెండు విద్యలు అవసరం. వెలుగునీడలను పట్టి నిలపటం మొదటిది. ఎదుట కూర్చున్న మనిషి దేనిని గౌరవంగా భావిస్తాడో, దేనిని అవమానంగా తలుస్తాడో గ్రహించటం రెండవది. మొదటి విద్యను గురువు దగ్గర అభ్యసించవచ్చు. రెండవ విద్య మనుషుల మధ్య మెలగినవారికే పట్టుబడుతుంది. వడ్రంగి చేసిన బల్ల ఎవరి ఇంటనైనా బల్లగానే ఉంటుంది. ఛాయాచిత్రం మాత్రం తాను చేరిన ఇంటి ఆచారానికి, హోదాకు, కుటుంబ గౌరవానికి లోబడి ఉంటుంది. అందువల్ల ఈ వృత్తిలో చేయి ఎంత నేర్పు గలదైనా, మర్యాద తప్పితే ఫలితం శూన్యం.

ఈ రెండు విద్యలనూ సికింద్రాబాదులో సాధించి చూపిన కళాకారుడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, 1866లో ఇందూరులో ప్రభుత్వ నిర్మాణశాఖలో చిత్తు పటాలు, అంచనాలు తయారుచేసే ఉద్యోగంలో చేరాడు. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రకళపై ఆసక్తి పెంచుకున్నాడు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ఆదరించాడు. సర్ హెన్రీ డేలీ, సర్ లెపెల్ గ్రిఫిన్ వంటి ఆంగ్లాధికారులు ఆయన పనితనాన్ని మెచ్చుకున్నారు. వినోదంగా ప్రారంభమైన కళ జీవనవృత్తిగా మారింది. 1886లో ఆయన సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు.

ఆయన సముద్రం దాటి వెళ్ళలేదు. అయినా ఆ రోజులలో ఉత్తర హిందూస్థానం నుండి హైదరాబాదు రాజ్యానికి రావటమంటే వేరొక దేశానికి వచ్చినట్లే. ఇక్కడ పాలకుడు వేరు, నాణెం వేరు, దర్బారు పద్ధతులు వేరు. హిందూస్థానీ మాట్లాడే ప్రాంతం నుండి వచ్చినవాడు కనుక రాజభాషయైన ఉర్దూ ఆయనకు పరాయిది కాదు. కాని బజారులో వినిపించే తెలుగు, దండు ప్రాంతంలో వినిపించే ఇంగ్లీషు, ఇళ్ళలో పాటించే ఆచారాలు అన్నీ ఒకేచోట ఎదురయ్యాయి.

సికింద్రాబాదు స్వరూపమే ఇందుకు కారణం. నిజాం ప్రభువులకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య 1798లో కుదిరిన సైన్య సహకార ఒప్పందం ఫలితంగా హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన ఆంగ్ల సైన్యం విడిది చేసింది. 1806లో ఆ విడిదికి మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. చెరువుకు ఒక వైపు కవాతు మైదానాలు, చర్చీలు, క్లబ్బులు వెలిశాయి. మరొక వైపు దేవిడీలు, మహళ్ళు, దర్బారులు విలసిల్లాయి. ఈ రెండు లోకాలకూ కావలసిన ఛాయాచిత్రాలను ఒకే సంస్థ తీయవలసి వచ్చింది.

ఈ రెండు వర్గాల అవసరాలు భిన్నమైనవి. దండులోని ఆంగ్లాధికారి తన చిత్రాన్ని ఇంగ్లండులోని తల్లిదండ్రులకు పంపాలని కోరుకునేవాడు. భార్యాబిడ్డలతో, గుర్రంతో, పెంపుడు కుక్కతో ఇంటి ముంగిట కూర్చున్న చిత్రం అతనికి ముచ్చట గొలిపేది. ఆ చిత్రంలో కొంత చనువు, కొంత తీరిక కనిపించాలి. సంస్థానంలోని ప్రభువుకు ఇటువంటి చనువు శోభించదు. దర్బారు చిత్రంలో ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉండాలి అనేవి హోదాను తెలిపే విషయాలు. తలపాగా, ఖడ్గం, ఆభరణాలు అలంకారాలు మాత్రమే కావు. అవి పదవికి గుర్తులు. వెలుగు బాగా పడుతున్నదనే కారణంతో ఒక జాగీర్దారును తన కంటే చిన్న హోదా గలవాని వెనుక నిలబెట్టడం అతనిని సభలో అవమానించటమే అవుతుంది. కాబట్టి కెమెరాను నిలిపే ముందే సభామర్యాదను ఎరిగి ఉండాలి.

ఆనాటి పరికరాలు ఈ బాధ్యతను మరింత పెంచాయి. ముక్కాలిపీటపై నిలిపిన పెద్ద చెక్క కెమెరాలో రసాయనపు పూత గల గాజుపలకను అమర్చి చిత్రం తీసేవారు. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క పలక వెచ్చించవలసి ఉంటుంది. కూర్చున్నవారు కదిలితే రూపం చెదిరిపోతుంది. ప్రభువుల ఎదుట మాటిమాటికి పొరపాటు చేసి, మళ్ళీ కూర్చోమని కోరటం సాధ్యం కాదు.

ఒక్కొక్కప్పుడు చిత్రకారుని సంప్రదాయానికి, పోషకుని అభిరుచికి మధ్యనే దూరం ఉంటుంది. దీన్‌దయాళ్ అహింసను పరమధర్మంగా భావించే జైన కుటుంబంలో పుట్టినవాడు. ఆయనను ఆదరించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరుగాంచినవాడు. నేల మీద వరుసగా పరచిన పులులతో, ఆ వెనుక నిలిచిన వేటగాళ్ళతో కూడిన చిత్రాలు ఈ సంస్థ సృష్టిలో ఉన్నాయి. ఆయన మనసులోని భావమేదైనా, ఆ చిత్రాలలోని పనితనానికి లోపం రాలేదు. నిజాం ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, రాజా బహాదుర్, ముసవ్విర్ జంగ్ బిరుదులతో సత్కరించాడు. ‘ముసవ్విర్’ అంటే చిత్రకారుడని అర్థం. 1897లో విక్టోరియా మహారాణి నుండి కూడా ఆయనకు రాజగుర్తింపు లభించింది.

అయితే అన్నింటికంటె కఠినమైన సమస్య పరదా రూపంలో ఎదురైంది. ఉన్నత కుటుంబాల స్త్రీలు పరపురుషుని కంట పడరాదన్నది నాటి కట్టుబాటు. వారికి కూడా తమ రూపం చూసుకోవాలనే, తమ బిడ్డలతో కలసి చిత్రం తీయించుకోవాలనే కోరిక సహజం. కాని చిత్రం తీసేవాడు పురుషుడు. కెమెరా ముందు గడిపే నాలుగు క్షణాలతో ఈ చిక్కు తీరదు. గాజుపలకను చీకటిగదిలో రసాయనాలతో కడగాలి. పెన్సిలుతో లోపాలు సవరించాలి. కాగితంపై ముద్రించాలి. ఇన్ని దశలలో ఏ ఒక్క పురుషుడు చూసినా పరదా తొలగినట్లే.

ఇటువంటి చోట సాధారణ వ్యాపారి రెండు మార్గాలలో ఒకదానిని అనుసరిస్తాడు. ఆచారాన్ని చిన్నచూపు చూసి వాదిస్తాడు. లేదా అది మన వల్ల కాదని తప్పుకుంటాడు. దీన్‌దయాళ్ ఈ రెండింటినీ విడిచి, తన పని పద్ధతినే మార్చుకున్నాడు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించాడు. దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఎత్తైన ప్రాకారం లోపల, స్థానిక స్త్రీల సహాయంతో ఆమె చిత్రాలు తీసేది. ఆచారం చెక్కు చెదరలేదు. స్త్రీల కోరికా నెరవేరింది. వారు తమ ముఖాన్ని ఎవరి ఎదుట, ఎంతవరకు చూపాలో నిర్ణయించుకునే అవకాశం ఆ గోడల లోపల లభించింది. యజమానియైన దీన్‌దయాళ్ తన సంస్థలోనే తాను అడుగుపెట్టరాని చోటును అంగీకరించాడు. పరుల మర్యాదను కాపాడటంలో ఆయన ఎంత దూరం వెళ్ళాడో దీనిని బట్టి తెలుస్తుంది.

ఈ మర్యాదకు ఒక పరిమితి కూడా ఉంది. దానిని గుర్తించకపోతే చరిత్రను సగమే చదివినట్లు. పందొమ్మిదవ శతాబ్ది చివర కరవు కాలంలో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో సాగిన సహాయ కార్యక్రమాలను ఈ సంస్థ చిత్రించింది. ఆ చిత్రాలలో ఆకలితో కృశించిన జనం వరుసలుగా కనిపిస్తారు. ఎలా కూర్చోవాలో, ఏ వస్త్రం ధరించాలో బేగములు నిర్ణయించుకోగలిగారు. ఆ పేదలకు అటువంటి అవకాశం లేదు. చిత్రానికి సొమ్ము చెల్లించేవారు వేరు, చిత్రంలో నిలిచేవారు వేరు అయినప్పుడు, సొమ్ము చెల్లించేవారి మర్యాదే నిలుస్తుంది. ఈ అసమానత ఒక్క దీన్‌దయాళ్‌కే చెందినది కాదు. ఛాయాచిత్రకళ పుట్టిననాటి నుండి దానిని వెన్నంటి వస్తున్నది.

నేడు తెలుగువారు అనేక దేశాలలో స్థిరపడ్డారు. అక్కడి వివాహాలకు పరదేశీయులైన ఛాయాచిత్రకారులు వస్తున్నారు. మన యువకులూ అక్కడ ఇతరుల వేడుకలను చిత్రిస్తున్నారు. ఉంగరాలు మార్చుకునే ఘట్టమే ప్రధానమని తలచే చిత్రకారుడు, తెరసెల్లా చాటున వధూవరులు ఒకరి శిరస్సుపై ఒకరు జీలకర్ర, బెల్లం ఉంచే సుముహూర్తాన్ని ఏమరుపాటున జారవిడవవచ్చు. అది తిరిగి రాని క్షణం. అలాగే ప్రార్థన సాగుతున్న చర్చిలో మెరుపుదీపం వెలిగించటం మన చిత్రకారునికి చిన్న విషయంగా తోచవచ్చు. అక్కడివారికి అది అపచారంగా కనిపించవచ్చు. ఈ చిక్కులకు మందు ఒక్కటే. పనికి ముందే వారి పెద్దలతో కూర్చుని, ఏది ముఖ్యమో, ఏది నిషిద్ధమో, చిత్రాలను ఎవరు చూడవచ్చునో అడిగి తెలుసుకోవాలి. అడగటం అజ్ఞానానికి గుర్తు కాదు, గౌరవానికి గుర్తు.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన సంస్థకు చెందిన 2857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. భారత తపాలాశాఖ 2006లో ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. ఆ పలకలలో రాజులు, అధికారులు, కోటలు, కవాతులు నేటికీ నిలిచి ఉన్నాయి. చూపరులు వాటిలోని వెలుగును మెచ్చుకుంటారు. ఆ వెలుగును ఎక్కడ ప్రసరింపజేయాలో, ఎక్కడ గోడ వెలుపలనే ఆగిపోవాలో ఎరిగిన వివేకం కూడా అంతే మెచ్చదగినది.