అమెరికాలో న్యూట్రల్ పోతే

ఆంధ్రాలో పెరిగిన వాళ్ళకి "న్యూట్రల్ పోయింది" అన్న మాట కొత్త కాదు. వీధిలో నాలుగిళ్ళలో టీవీలు ఒకేసారి కాలిపోతే లైన్‌మన్ చెప్పే కారణం చాలాసార్లు అదే. అమెరికా వచ్చాక ఆ మాట మర్చిపోతాం. కానీ న్యూట్రల్ ఇక్కడా పోతుంది.

కిందటి చలికాలంలో ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "గురూ, మైక్రోవేవ్ పెడితే వంటింట్లో లైట్లు మసకబారుతున్నాయి, హాల్లోవి ఇంకా ఎక్కువ వెలుగుతున్నాయి. బల్బులన్నీ మార్చేశాం, అయినా అంతే" అన్నాడు. ఏదైనా పెద్ద మోటారు మొదలైనప్పుడు లైట్లు ఓ క్షణం మసకబారడం మామూలే. ఎక్కువ వెలగడం మాత్రం మామూలు కాదు. వెంటనే మెయిన్ బ్రేకర్ ఆపి, కరెంటు కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యమన్నాను. స్తంభం నుంచి ఇంటికొచ్చే న్యూట్రల్ తీగ, ఇంటి కప్పు దగ్గర అతుకులో తుప్పు పట్టి ఊడిపోయిందట.

ఎందుకలా జరుగుతుందో చూద్దాం. ఇండియాలో మామూలు ఇంటికి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ వస్తాయి, 230 వోల్టులు. ఇక్కడ ఇంటికి మూడు తీగలు: రెండు హాట్ వైర్లు, ఒక న్యూట్రల్. హాట్ వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య 120 వోల్టులు, రెండు హాట్ వైర్ల మధ్య 240. ఇంట్లో ప్లగ్గులు, లైట్లు కొన్ని ఒక హాట్ వైరు మీద, మిగతావి రెండోదాని మీద ఉంటాయి. రెండు వైపులా 120 ఉండేలా పట్టి ఉంచేది న్యూట్రలే. అది తెగితే రెండు సగాలూ 240 వోల్టులకి సిరీస్‌లో పడతాయి.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది లెక్కే. ఒకవైపు 1000 వాట్ల టోస్టరు, అంటే 14.4 ఓమ్‌లు. రెండోవైపు 200 వాట్ల పాతకాలం బల్బులు, 72 ఓమ్‌లు. టోస్టరుకి దక్కేది 40 వోల్టులు, బల్బులకి 200! పారే కరెంటు మూడు ఆంపియర్లు కూడా లేదు కాబట్టి బ్రేకర్ పడదు. బ్రేకర్ చూసేది ఆంపియర్లని, వోల్టుల్ని కాదు. సర్జ్ ప్రొటెక్టర్ కాపాడుతుందనుకోకండి. అది క్షణికమైన ఉప్పెన కోసం చేసింది, ఇలాంటి ఎడతెగని వోల్టేజికి అదే కాలిపోవచ్చు.

ఇప్పటి ఎల్‌ఈడీ బల్బులు కొన్ని వోల్టేజి మారినా ఒకేలా వెలుగుతాయి, లక్షణం దాగిపోతుంది. మల్టీమీటరు వాడటం వచ్చినవాళ్ళు వేర్వేరు గదుల్లో ప్లగ్గులు కొలిచి చూడొచ్చు. 118, 121 వస్తే ఫరవాలేదు. ఒకచోట 100, ఇంకోచోట 140 వస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

సగం ఇల్లు పూర్తిగా చీకటై, బట్టల డ్రయ్యరు వేడెక్కకపోతే అది వేరే జబ్బు, ఒక హాట్ వైరు పోయినట్టు. దానికీ కంపెనీకే ఫోన్. బాత్రూములో ఒక్క ప్లగ్గే పనిచెయ్యకపోతే మాత్రం గరాజ్‌లోనో మరో బాత్రూములోనో జీఎఫ్‌సీఐ పడిందేమో చూడండి.

ప్యానెల్ మూత మాత్రం విప్పకండి. మెయిన్ ఆపినా పైనుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. న్యూట్రల్ పోయినప్పుడు కరెంటు నీళ్ళ పైపుల గుండా కూడా వెనక్కి వెళ్ళొచ్చు, వాటినీ ముట్టుకోవద్దు. తమవైపు అంతా బాగుందని కంపెనీవాళ్ళు తేలిస్తే అప్పుడు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్యానెల్లో న్యూట్రల్ బిగింపులు చూపించండి. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు ఎమర్జెన్సీ మెయింటెనెన్స్ నంబరుకి, అర్ధరాత్రయినా సరే, ఫోన్ చెయ్యండి.