మెయిన్‌ఫ్రేమ్ కాంట్రాక్ట్ జాబ్ వచ్చిందా? నెల జీతం చూసి సంతకం పెట్టేయకండి.. ముందు ఇవి చెక్ చేసుకోండి!

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ ఎక్కే ముందు కాఫీ కొని కార్డు గీకుతాం. క్షణాల్లో అకౌంట్‌లో డబ్బు కట్. ఆ లెక్క ఎక్కడ ఉంటుందో తెలుసా? చాలా పెద్ద బ్యాంకుల్లో ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలోనే! కంప్యూటర్‌లో విమాన టికెట్ల బుకింగ్ కూడా వీటితోనే ఊపందుకుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి చేసిన సేబర్ సిస్టమ్ 1960ల నాటిది.

డిమాండ్ ఎందుకు?
2000 సంవత్సరం వైటూకే సమస్య టైమ్‌లో అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని ఎంతోమంది తెలుగువాళ్లు అమెరికా వెళ్లారు. తర్వాత కుర్రాళ్లు జావా, క్లౌడ్ వైపు మళ్లారు. పని తెలిసినవాళ్లు తగ్గారు కానీ సిస్టమ్‌లు ఆగలేదు. అందుకే చాలా ప్రాజెక్టులకు 6 నెలలు, ఏడాది కాంట్రాక్ట్ మీద మనుషుల్ని తీసుకుంటున్నారు.

పని ఏంటి?
ఐబీఎం 1983లో ప్రకటించిన డీబీ2 డేటాబేస్‌ను కాపాడటమే ముఖ్యమైన పని. బ్యాకప్‌లు తీయడం, టేబుళ్లను రీఆర్గ్ చేయడం, ఇద్దరు ఒకే డేటా కోసం పోటీపడి -911 ఎర్రర్ వస్తే కారణం పట్టుకోవడం. న్యూయార్క్‌లో అర్ధరాత్రి నడిచే బ్యాచ్ పనులు మనకు ఉదయం 9:30కి, చలికాలంలో అయితే 10:30కి పడతాయి. అక్కడి పగటి వేళ సపోర్ట్ అంటే మాత్రం మనకు నైట్ షిఫ్టే.

సంతకానికి ముందు అడగాల్సినవి:

* పేరోల్ మీదా, బిల్లు మీదా? పేరోల్ అయితే పీఎఫ్ ఉందో లేదో అడగండి. కంపెనీ కట్టే వాటాను కూడా మీ ప్యాకేజీలోనే కలిపారేమో చూడండి. బిల్లు పెట్టే పద్ధతిలో పీఎఫ్, సెలవులు ఉండవు. టీడీఎస్ కట్ అవుతుంది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

* గ్రాట్యుటీ సంగతేంటి? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది. మీ లెటర్‌లో ఆ మాట ఉందా?

* నోటీసు ఎన్ని రోజులు? మీరు మానేస్తే 60 రోజులు, వాళ్లు తీసేస్తే 15 రోజులు అని రాసి ఉంటే సమానం చేయమని అడగండి.

* రాత్రి క్యాబ్ ఇస్తారా? అద్దె కలిసొస్తుందని శంషాబాద్‌లో ఇల్లు తీసుకుని ఔటర్ మీద గచ్చిబౌలి వెళ్లొచ్చేవాళ్లకు టోల్, పెట్రోలు నెల తిరిగేసరికి భారమే. పర్మనెంట్ ఉద్యోగులకు ఉన్న క్యాబ్ కాంట్రాక్ట్ వాళ్లకు ఉండకపోవచ్చు.

చివరిగా ఒక చిన్న లెక్క..
ఒక ప్రాజెక్టు అయ్యాక ఇంకోటి వెంటనే దొరుకుతుందని గ్యారంటీ లేదు. అందుకే 12 నెలల జీతం కాదు, 10 నెలల జీతంతో ఏడాది గడుస్తుందా అని చూసుకోండి. ఇంటి అద్దె, ఈఎంఐ, సొంతంగా తీసుకునే హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ అందులో సరిపోతే.. అప్పుడు పెట్టండి సంతకం!