పితామహీనామాన్వేషణము: తర్పణక్రమము, దస్తావేజులు, పుట్టినిల్లు

వంశశబ్దమునకు అన్వయమనియు వెదురనియు రెండర్థములు నిఘంటుప్రసిద్ధములు. కణుపుమీద కణుపుగా వెదురు పెరిగినట్లు తండ్రి తరువాత కొడుకుగా పెరుగునది వంశమని సామాన్యభావన. తెలుగునాట గృహములలో భద్రపరుపబడిన వంశవృక్షములు చాలవరకు ఈ భావనకే రూపములు. ఏడెనిమిది తరముల పురుషుల పేర్లు వరుసగా కానవచ్చును. వారి భార్యల పేర్లుండవలసిన చోట గీత మాత్రము కానవచ్చును. సంతానము లేని పురుషుని పేరును సైతము "నిస్సంతు" అని పక్కన వ్రాసి నిలిపినవారు, ఆ వంశమును నిలిపిన స్త్రీ పేరును వ్రాయలేదు.

ఇదియే ఆర్షసంప్రదాయమని తలచుట పొరపాటు. బృహదారణ్యకోపనిషత్తులో ఆరవ అధ్యాయము చివరనున్న వంశబ్రాహ్మణమున ఆచార్యపరంపర పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు, గౌతమీపుత్రుడు అని తల్లులను బట్టియే చెప్పబడినది. పాణిని మహాభాష్యమున దాక్షీపుత్రుడుగా పేర్కొనబడెను. శాతవాహనరాజుల గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర నామములు చరిత్ర చదివిన వారందరికిని తెలిసినవే. అయితే ఇందొక చిక్కు గలదు. గౌతమి, వాసిష్ఠి యనునవి గోత్రమును తెలుపునవే కాని వ్యక్తినామములు కావు. నాసిక్ గుహాశాసనము లేకున్నచో గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి పేరు బాలశ్రీ యని తెలిసియుండెడిది కాదు. గోత్రము దొరకుట వేరు, పేరు దొరకుట వేరు. ఆంగ్లేయుల పాలనాకాలమున జీవించిన ఒక ముత్తవ్వను వెదకునపుడు కూడ ఈ భేదము అడుగడుగునను ఎదురగును.

అన్వేషకుడు వంశవృక్షమును ప్రక్కనబెట్టి మొదట చూడవలసినది తర్పణక్రమము. మహాలయపక్షమునందును పుష్కరాది తీర్థములందును చేయు తర్పణములో పితృవర్గము, మాతృవర్గము, మాతామహవర్గము, మాతామహీవర్గము అని నాలుగు వర్గములకు మువ్వురేసి చొప్పున పన్నిద్దరు ముఖ్యులు. అందు ఆరు స్థానములు స్త్రీలవి. మాతృవర్గమునకు తరువాత సాపత్నజననికి స్థానము గలదు. వంశవృక్షములో ఎక్కడను కానరాని తండ్రిగారి మొదటి భార్య, పదునారేండ్లకే పురుడు పోసుకొని మరణించిన ఆమె, పలు గృహములలో ఈ ఒక్క స్థానములోనే మిగిలియున్నది. ఈ క్రమము స్త్రీని విస్మరించుట లేదు. మూడు తరముల వరకు ఆమె పేరును ఏటేట పలికించుచున్నది.

ఆ మూడు తరముల గణనలోనే నష్టమునకు మూలము కూడ ఉన్నది. తండ్రి గతించి తల్లి జీవించియున్న కర్తకు మాతృవర్గమున పితామహి, పితుః పితామహి, పితుః ప్రపితామహి యని మువ్వురు స్త్రీలు. తల్లి మరణించి పండ్రెండవ దినమున సపిండీకరణము జరిగినంతనే ఆమె ఆ వర్గమున మొదటి స్థానమున చేరును. పైనున్న ఒకామె లేపభాగినియై జాబితా వెలుపలికి పోవును. 1940 ప్రాంతమున జన్మించిన కర్తను ఉదాహరణముగా గ్రహింపవచ్చును. అతని పితుః ప్రపితామహి ఇంచుమించు 1845, 1855 సంవత్సరముల మధ్య పుట్టినదై యుండును. అనగా కంపెనీ పాలన ముగిసి విక్టోరియారాణి పాలన ఆరంభమైన నాటి బాలిక. ఆమె పేరు ఈనాటికి నిలిచియున్నచో అది కర్త నాలుక మీదనే నిలిచియున్నది. అతని తల్లి మరణించిన పండ్రెండవ నాడు ఆ పేరు లేచిపోవును. దానిని తిరిగి ఉచ్చరించు సందర్భము ఆ యింట ఇక రాదు. కర్త నగరవాసియై, ముద్రితపుస్తకము చూచి "నామధేయస్య" అనుచోట ఖాళీగా వదలినచో అంతకు ముందే పోవును.

ఇందు మరియొక సూక్ష్మము గలదు. భార్యకు భర్తృగోత్రమే గోత్రమగుటచే మాతృవర్గములో పేరు దొరకినను ఆమె పుట్టినింటి గోత్రము దొరకదు. అది దొరకు చోటు మాతామహవర్గము. అయితే ఏ కర్త మాతామహవర్గమైనను అతని తల్లి పుట్టినింటిని మాత్రమే చూపును. కావున ప్రపితామహి పుట్టినింటిని తెలిసికొనవలెనన్నచో ఆమె కుమారుడు, అనగా తాతగారు, స్వయముగా వ్రాసికొన్న తర్పణపుస్తకము కావలెను. అతనికి మాతామహుడనగా ఆమెకు తండ్రి. అందు ఆమె తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, గోత్రముతో కూడ ఉండును. 1870 ప్రాంతమున పుట్టిన ఒక స్త్రీ వంశము ఈ విధముగా పదునెనిమిదవ శతాబ్దము వరకు లభింపగలదు. జీర్ణమైన పంచాంగముల అట్టల వెనుక, మంత్రపుస్తకముల చివర పుటలలో వ్రాసిన ఇట్టి జాబితాలను చిత్తుకాగితములుగా భావించి పారవేయుటకంటె వంశచరిత్రకు వేరొక హాని లేదు.

దొరకిన పేర్లను యథాతథముగ నమ్మరాదు. గోత్రము తెలియనిచో కాశ్యపగోత్రము చెప్పవలెనని శిష్టాచారము. అందుచే మాతామహవర్గములో కాశ్యపగోత్రము కనబడినచో అది నిజముగా ఆ గోత్రమో, తెలియకపోవుటచే చేర్చినదో విచారింపవలెను. పురోహితుడు పేరును సంస్కరించి పలుకుట కలదు. ఇంట పిచ్చమ్మ, అచ్చమ్మ తర్పణమున పిచ్చమాంబ, అచ్చమాంబ అగుదురు. వివాహానంతరము పేరు మార్చుట మరింత పెద్ద చిక్కు. అత్తగారి పేరే కోడలికి ఉన్నచో ఆ పేరుతో కోడలిని పిలుచుట కుదరదని వేరొక పేరు పెట్టుట పలు కుటుంబములలో ఆచారము. కందుకూరి వీరేశలింగముగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారికి పుట్టినింటి పేరు బాపమ్మ. ఆమె ప్రసిద్ధురాలు కావున ఈ రెండు పేర్లును ఒకరివేయని లోకమునకు తెలిసినది. అప్రసిద్ధురాలైన స్త్రీ విషయమున పుట్టినింటివారు ఒక పేరును, మెట్టినింటివారు మరియొక పేరును చెప్పగా, ఇద్దరు స్త్రీలున్నారని అన్వేషకుడు భ్రమపడును.

కాలనిర్ణయమునకు ఆబ్దికతిథి ఒక ఆధారము. కుటుంబములు మాసము, పక్షము, తిథి గుర్తుంచుకొనినట్లు సంవత్సరమును గుర్తుంచుకొనలేదు. సంవత్సరనామము ఉన్నను అరువదేండ్ల కొకసారి అది మరలివచ్చును. రుధిరోద్గారి యనినచో 1863-64, 1923-24, 1983-84 మూడును కావచ్చును. అట్టిచోట వృద్ధుల మాటలలోని కరువులు, ఉప్పెనలు ఉపకరించును. ధాత కరువు అనగా 1876-77. గుంటూరు సీమలో నందన కరువు అనగా 1832-33. బందరు ఉప్పెన 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చినది. "ధాత కరువునాటికి చంకలో బిడ్డ" యను ఒక్క మాట జన్మకాలమును నాలుగైదు ఏండ్లలోపలికి తెచ్చును. మహాలయమున భాద్రపద బహుళ నవమినాడు, అనగా అవిధవానవమినాడు, ఒక స్త్రీకి శ్రాద్ధము జరిగినదని తెలిసినచో ఆమె భర్తకంటె ముందు గతించినదని నిశ్చయము. తిథి ఒక్కటియే అయినను జీవితములోని ఒక ముఖ్యవిషయమును అది చెప్పుచున్నది.

కొన్ని ఇండ్లలో పేరంటాలుగా కొలువబడు దేవత కూడ ఆ వంశపు స్త్రీయే. ముత్తయిదువగా మరణించిన ఆమె పేర పెట్టెలో చీర, గాజులు ఉంచి, వివాహాది శుభకార్యములకు ముందు కొత్త చీర పెట్టుదురు. పూజలో చెప్పు పేరు ఆమె వ్యక్తినామమే అయి ఉండవచ్చును. తర్పణక్రమము లేని కులములవారికి ఇది మరింత విలువైన ఆధారము.

ఇక సర్కారు దస్తావేజులు. జనసంఖ్యాగ్రంథములు లెక్కలను ఇచ్చును గాని పేర్లను ఇయ్యవు. మదరాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమీషను రిజిస్టర్లలో మాన్యమును అనుభవించువాని పేరు, వయస్సు, మూలగ్రహీతతో సంబంధము వ్రాయబడినవి. చాలచోట్ల అవి పురుషుల పేర్లే. పురుషసంతతి లేక భర్త మరణించిన చోట మాత్రము "ఫలానివాని భార్య" అని స్త్రీ పేరు బయటపడును. తర్పణక్రమమున పై అంచున ఉన్న స్త్రీకాలమును ఈ రిజిస్టరుకాలమును కలియుట గమనింపదగినది. రిజిస్టరులోని ముప్పది యేండ్ల ఇనాందారు ఎవడో అతని భార్యయే తర్పణములోని పితుః ప్రపితామహి కావచ్చును. ఒకచోట భర్తయు ఒకచోట భార్యయు దొరకిరి. ఇరువురిని కలుపుట అన్వేషకుని పని. రిజిస్టర్లలోని ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1272 అనగా 1862-63. నిజాము రాష్ట్రమున ఫసలీ ఆరంభమాసము వేరు, పత్రముల భాష పారసీ, తరువాత ఉర్దూ. కావున తెలంగాణపు కుటుంబముల వారు ఈ లెక్కను యథాతథముగ వాడరాదు.

స్త్రీని గూర్చి ఎక్కువ చెప్పునవి ఆస్తిమార్పిడి పత్రములు. భర్త ఆస్తి విధవకు పరిమితానుభవముగా మాత్రమే సంక్రమించుచుండుటచే, ఆమె దానిని అమ్మవలెనన్నచో అవసరమును చూపవలెను. 1956 నాటి హిందూ వారసత్వచట్టము వరకు ఇదియే స్థితి. అందుచే ఆమె వ్రాసియిచ్చిన క్రయపత్రము పురుషుని క్రయపత్రముకంటె సుదీర్ఘమై యుండును. భర్త చేసిన ఋణమెంత, ఏ కుమార్తె వివాహమునకు ఎంత వ్యయమైనది, గయాశ్రాద్ధమునకు ఎవరు వెళ్లిరి అను వివరములన్నియు అందుండును. తరువాత వారసులు కాగల రివర్షనర్లు సమ్మతి తెలిపి చేవ్రాలు చేసినచో భర్తవైపు జ్ఞాతులందరు ఒక్క పత్రమున దొరకుదురు. చివర ఆమె నిశానీ ఉండును. ఈ అవసరములను పత్రలేఖకుడు వాడుకగా వ్రాయుటయు కలదు. ప్రతి విధవయు కాశీయాత్రకే భూమి అమ్మినదని పత్రములు చెప్పినంత మాత్రమున నమ్మవలసిన పని లేదు. పేర్లను, బంధుత్వములను నమ్మవచ్చును. కారణములను ఆలోచించి గ్రహింపవలెను.

దత్తతపత్రములు ఇట్టివే. రామనాథపురము వ్యాజ్యెములో 1868లో ప్రీవీ కౌన్సిలు, భర్త అనుమతి లేకున్నను సపిండుల సమ్మతితో విధవ దత్తత చేసికొనవచ్చునని ద్రావిడదేశవిషయమున నిర్ణయించినది. తరువాతి దత్తతలలో సపిండుల సమ్మతిపత్రములు ముఖ్యములైనవి. రిజిస్ట్రేషను కార్యాలయములలో మూడవ పుస్తకము వీలునామాలకును దత్తతాధికారపత్రములకును ప్రత్యేకింపబడినది. మొదటి సూచిక వ్రాసియిచ్చినవారి, పుచ్చుకొన్నవారి పేర్లనుబట్టియు, రెండవది ఆస్తినిబట్టియు ఉండును. స్త్రీ పేరు తెలియనివారు రెండవ సూచికలో గ్రామము, భూమి ఆధారముగా వెదకుట మేలు. తెలిసిన పేరు తప్పైనను భూమి తప్పదు.

పుట్టినింటివైపు చూడవలసినది పసుపుకుంకుమ క్రింద ఇచ్చిన భూమి. స్త్రీధనవిభాగములను మితాక్షర విస్తరించి చెప్పినది. అట్టి భూమి కుమార్తెలకు సంక్రమించుచు పోవుటచే, ఒక చెక్క భూమి చరిత్రను వెనుకకు చూచినచో తల్లి, ఆమె తల్లి అని స్త్రీల వరుసయే బయటపడును. మేనరికములు గల వంశములలో అత్తాకోడండ్ల పుట్టినింటిపేరు ఒక్కటియే కావచ్చును. బోధాయనుడే దాక్షిణాత్యాచారముగా చెప్పిన ఈ మేనరికము అన్వేషకునకు ఒకచోట దారి చూపును, ఒకచోట ఇద్దరు స్త్రీలను ఒకరిగా కలిపివేయును.

భూమియు తర్పణమును రెండును లేని స్త్రీల పేర్లు వేరొక చోట నిలిచినవి. 1834 నుండి మారిషసునకును, 1860 నుండి 1911 వరకు నాటాలునకును ఒప్పందపు కూలీలుగ పోయినవారిలో తెలుగు స్త్రీలు కలరు. నాటాలు చేరిన మొదటి ఓడ ట్రూరో మదరాసు నుండియే బయలుదేరి 1860 నవంబరు 16న అచట చేరినది. ఆ ఓడల జాబితాలలో ప్రతి స్త్రీకిని ఒక సంఖ్య, ఆమె పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా వ్రాయబడినవి. మారిషసు పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. ఇంటిలో తండ్రి, తాతల పేర్లు కంఠస్థము చేసిన పండితవంశపు స్త్రీకి లభింపని పుట్టినూరు, తండ్రి పేరు కూలికి పోయిన స్త్రీకి గుమాస్తా చేతిలో లభించినవి. అది ఆమె గౌరవమునకు వ్రాసినది కాదు, ఒప్పందము నిమిత్తము వ్రాసినది. గుమాస్తా తెలుగు ఎరుగనివాడైనచో వెంకమ్మ ఎంకమ్మగను, గ్రామనామము గుర్తింపరాని రూపమునను కానవచ్చును. అక్షరమును గాక ధ్వనిని అనుసరించి, తాలూకా పరిధిలోని గ్రామముల పట్టికతో పోల్చి చదువవలెను.

కుటుంబములలో ఈ పని ఆరంభించువారు మొదట చేయదగినది స్వల్పము. ఆశౌచదినములలో బంధువులందరు కూడియుండగా, సపిండీకరణమునకు పూర్వమే పురోహితునిచే పన్నెండు పేర్లను, సాపత్నజనని పేరును చెప్పించి తేదీతో వ్రాసికొనవలెను. ఆ కాగితమును ఇంటిలోని మేనత్తలకును పెదతల్లులకును చదివి వినిపింపవలెను. "ఆమె పేరు అది కాదు, అది అత్తవారు పెట్టిన పేరు" అని చెప్పగలవారు వారిలోనే ఉందురు.