రెండు పాత గ్రాఫిక్స్ కార్డులు: శక్తి ఎంత? విలువ ఎంత?

వరినాట్ల దినములలో పొలము గట్టుపై నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. ఎంత నేర్పరియైనను ఒక్క మనిషి ఎకరము మడిని ఒక్క పూటలో నాటలేడు. అనేకులు వరుసగా నిలిచి, అందరును ఒకే పనిని ఒకే సమయమున చేసినప్పుడు ఆ పని తేలికగా ముగియును. కంప్యూటరు తెరపై బొమ్మను గీయుట కూడ ఇట్టి పనియే.

సాధారణముగా వాడుకలోనున్న తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చొప్పున మొత్తము 20,73,600 చుక్కలుండును. వీనికి పిక్సెలులని పేరు. కంప్యూటరు ఆటలలో కదలిక తడబాటు లేక కనబడవలెనన్న, తెరపై సెకనుకు సుమారు 60 బొమ్మలు మారవలెను. అనగా ప్రతి సెకనునందును 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగును నిర్ణయింపవలసియుండును. ఒక్కొక్క చుక్కకు వెలుతురు ఎటునుండి పడుచున్నది, ఆ తావున గోడ యున్నదా, నీరున్నదా, నీడ యున్నదా అని లెక్కించుటకు అనేకమైన గుణకారములును, కూడికలును అవసరము. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు కొద్దిమంది నేర్పరులైన పనివారి వంటిది. గ్రాఫిక్స్ కార్డు వేలకొలదిగా వరుసకట్టిన నాటుకూలీల వంటిది.

క్రొత్త కార్డుల ధర అధికము. అందుచేత విద్యార్థులును, చిన్న పాఠశాలలును ఒకరు వాడి విడిచిన పాత కార్డులకై వెదకుట సహజము. అట్టివారి యెదుట తరచుగా నిలుచు రెండు పేర్లు కలవు. ఒకటి ఎన్విడియా సంస్థ వారి జీఫోర్స్ జీటీఎక్స్ 1060. రెండవది ఏఎండీ సంస్థ వారి రేడియాన్ ఆర్ఎక్స్ 580. వీనిలో ఏది మేలు? ఈ ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు చెప్పరాదు. జవాబు చెప్పు పద్ధతిని నేర్చినవారికి మాత్రము ఏ రెండు యంత్రములనైనను పోల్చు నేర్పు అలవడును.

కాగితముపై శక్తి

జీటీఎక్స్ 1060, 6 గిగాబైట్ల మెమొరీతో 2016 జూలైలో వెలువడినది. నాటి ధర 249 డాలర్లు. దానిలో 440 కోట్ల ట్రాన్సిస్టర్లును, 1,280 లెక్కకట్టు భాగములును కలవు. ఆర్ఎక్స్ 580, 2017 ఏప్రిల్‌లో వెలువడినది. 8 గిగాబైట్ల మెమొరీ గల రకము ధర 229 డాలర్లు. దానిలో 570 కోట్ల ట్రాన్సిస్టర్లును, 2,304 లెక్కకట్టు భాగములును కలవు.

ఈ భాగములను కూలీలనుకొన్నచో, వారి చేతివేగమును తెలుపునది గడియారపు పౌనఃపున్యము. 1060 యొక్క ప్రకటిత ఉన్నత వేగము 1,708 మెగాహెర్ట్జులు, అనగా సెకనుకు 170.8 కోట్ల తట్లు. 580 యొక్క వేగము 1,340 మెగాహెర్ట్జులు, అనగా 134 కోట్ల తట్లు. ప్రతి తట్టునందును ఒక్కొక్క భాగము ఒక గుణకారమును, ఒక కూడికను, మొత్తము 2 లెక్కలను చేయగలదు. దీనినిబట్టి విద్యార్థులు స్వయముగా శక్తిని లెక్కింపవచ్చును.

1060: 1,280 × 2 × 170.8 కోట్లు = సెకనుకు సుమారు 4.37 లక్షల కోట్ల లెక్కలు.
580: 2,304 × 2 × 134 కోట్లు = సెకనుకు సుమారు 6.17 లక్షల కోట్ల లెక్కలు.

కాగితముపై 580 శక్తి 1060 శక్తికి 1.4 రెట్లు. ధర చూడబోయిన 20 డాలర్లు తక్కువ. ఇంతటితో ఆగినచో తీర్పు వెంటనే తేలిపోవును. కాని ఇక్కడ ఆగుటయే పొరపాటు.

ఆచరణలో ఏమి జరిగినది?

ఆ రోజులలో వెలువడిన ఆటలలో ఈ రెండు కార్డులును దాదాపు సమానముగనే పనిచేసినవి. డైరెక్ట్ ఎక్స్ 11 అను పద్ధతిలో వ్రాసిన అనేకమైన ఆటలలో 1060 కొంచెము ముందుండెను. 6.17 లక్షల కోట్లు గలది 4.37 లక్షల కోట్లు గలదానిని మించలేకపోవుటకు కారణమేమి?

పైన లెక్కించినది కూలీలందరును ఒక్క క్షణమైనను ఖాళీగా లేనప్పటి శక్తి. పొలములో ఎప్పుడును అట్లు జరుగదు. నారుకట్టలు సకాలమున అందక కొందరు నిలిచియుందురు. మేస్త్రి పని పంచుటలో జాగు చేసినచో మరికొందరు నిలిచియుందురు. గ్రాఫిక్స్ కార్డునందు నారుకట్టల వంటిది మెమొరీ నుండి వచ్చు సమాచారము. మేస్త్రి వంటిది డ్రైవరు అను ప్రోగ్రాము. ఎన్విడియా డ్రైవరు డైరెక్ట్ ఎక్స్ 11 నందు పనిని పంచుటలో చురుకైనది. అంతియేగాక 1060 తెరను చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని పనిని చిప్పులోపలనే ముగింప యత్నించును. రంగుల సమాచారమును కుదించి పంపును. అందుచేత తక్కువ నారుతోనే ఎక్కువ నాటు జరుగును. చల్లగా నున్నప్పుడు ప్రకటించిన వేగమును మించి పరుగెత్తుట కూడ దాని స్వభావము.

పని పంచు పద్ధతి మారినప్పుడు ఫలితమును మారినది. వల్కన్, డైరెక్ట్ ఎక్స్ 12 అను క్రొత్త పద్ధతులలో పని పంచు భారము చాలవరకు ఆట వ్రాయువారిపై పడును. ఒక పనికి ఎదురుచూచు భాగములకు వేరొక పనిని అప్పగించుటకు రేడియాన్ కార్డులు అనువైనవి. 2016 జూలైలో 'డూమ్' అను ఆటకు వల్కన్ పద్ధతి చేర్చినప్పుడు రేడియాన్ కార్డుల వేగము చెప్పుకోదగినంతగా పెరిగెను. కార్డులోని ఇనుము మారలేదు. మేస్త్రి మాత్రమే మారెను.

సగటు దాచు సంగతి

పనితనమును సాధారణముగా సెకనుకు ఇన్ని బొమ్మలని సగటులో చెప్పుదురు. సగటును నమ్ముటకు ముందు ఒక చిన్న లెక్కను చూడవలెను. ఒక సెకనులో 1,000 మిల్లీసెకనులు కలవు. ఒక కార్డు 60 బొమ్మలను సమానముగా, ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకనులలో గీసినదనుకొనుడు. మరియొక కార్డు 59 బొమ్మలను 15 మిల్లీసెకనుల చొప్పున 885 మిల్లీసెకనులలో గీసి, మిగిలిన ఒక్క బొమ్మకు 115 మిల్లీసెకనులు తీసికొన్నదనుకొనుడు. రెండింటి సగటును 60 యే. కాని రెండవదానిలో చూచువాని కంటికి స్పష్టముగా ఒక కుదుపు తగులును. తరగతిలో అందరి మార్కుల సగటు 60 అని చెప్పినంత మాత్రమున ఎవరును తప్పలేదని తెలియదు గదా! అందుచేత శ్రద్ధగల పరీక్షకులు సగటుతో పాటు అతి నెమ్మదిగా గీసిన బొమ్మల వేగమును కూడ ప్రకటింతురు.

ఇట్టి కుదుపునకు ఒక ముఖ్యకారణము మెమొరీ చాలకపోవుట. 1060 మెమొరీదారి వెడల్పు 192 బిట్లు. 580 దారి వెడల్పు 256 బిట్లు. రెండింటను ఒక్కొక్క బిట్టుదారిలో సెకనుకు 800 కోట్ల బిట్లు ప్రయాణము చేయును. 8 బిట్లు ఒక బైటు గనుక, 1060 లో సెకనుకు 192 గిగాబైట్లు, 580 లో 256 గిగాబైట్లు అందును. ఆట సమాచారము 6 గిగాబైట్లను మించినచో మిగిలినది కంప్యూటరు ప్రధాన మెమొరీనుండి రావలెను. ఆ దారిలో సెకనుకు సుమారు 16 గిగాబైట్లకు మించి రావు. అనగా 1060 కి తన సొంత మెమొరీ నుండి అందుదానిలో ఇది పండ్రెండవ వంతు మాత్రమే. గట్టుమీది నారు అయిపోయి, పొరుగూరినుండి తెచ్చుకొనుట వంటిదిది. కాలము గడచినకొలది ఆటలకు కావలసిన మెమొరీ పెరిగినది. అందువలన తరువాతి సంవత్సరములలో వెలువడిన కొన్ని ఆటలలో 580 నందలి అదనపు 2 గిగాబైట్లు అక్కరకు వచ్చినవి.

విలువ లెక్క

శక్తి వేరు, విలువ వేరు. విలువ అనగా పొందిన ప్రయోజనమును మొత్తము వ్యయముతో భాగింపగా వచ్చునది. మొత్తము వ్యయము కొన్న ధర మాత్రమే కాదు.

1060 గరిష్ఠముగా వాడు విద్యుత్తు 120 వాట్లు. 580 వాడునది 185 వాట్లు. తేడా 65 వాట్లు. దినమునకు 4 గంటల చొప్పున, ఏడాదిలో 300 దినములు పూర్తి భారముతో పనిచేయించినచో తేడా 78 యూనిట్లు. యూనిటు 6 రూపాయలనుకొన్న ఏడాదికి 468 రూపాయలు, మూడేండ్లకు 1,404 రూపాయలు. ఇప్పుడు లెక్కకొరకు పాత 1060 ధర 7,000 రూపాయలు, పాత 580 ధర 6,000 రూపాయలు అనుకొనుడు. మూడేండ్లకు 580 పై వ్యయము, అదనపు విద్యుత్తుతో కలిపి, 7,404 రూపాయలగును. చౌకయనుకొన్నదే ఖరీదైనది. కాని దినమునకు ఒక్క గంట మాత్రమే వాడు విద్యార్థికి ఈ అదనపు ఖర్చు మూడేండ్లకు 351 రూపాయలే. అతనికి 580 యే చౌక. కార్డులు అవియే, వాడుకను బట్టి తీర్పు తలక్రిందులైనది.

మరియొక సంగతి కలదు. కంప్యూటరులోని విద్యుత్ సరఫరాపెట్టె చిన్నదైనచో 580 కొరకు దానిని కూడ మార్పవలసి రావచ్చును. 1060 కి 400 వాట్ల పెట్టెను, 580 కి 500 వాట్ల పెట్టెను తయారీదారులు సూచించిరి. ఆ ఖర్చును సైతము లెక్కలో వ్రాయవలెను.

చేయు పనిని బట్టియు విలువ మారును. పాఠశాలలో బొమ్మల రూపకల్పనకు వాడు బ్లెండర్ అను ఉచిత ప్రోగ్రాము ఇందుకు తార్కాణము. 2021 డిసెంబరులో వెలువడిన దాని 3.0 సంచికనుండి, సైకిల్స్ అను చిత్రణభాగము 580 పై పనిచేయుట మానినది. 1060 పై పనిచేసినది. కాగితముపై 6.17 లక్షల కోట్లున్నను ఆ పనికి 580 విలువ సున్న. అందుకు భిన్నముగా, ఎక్కువ దశాంశస్థానముల కచ్చితత్వము కోరు శాస్త్రీయ గణనలలో 1060 వేగము తన సాధారణవేగములో 32 వ వంతు మాత్రమే. 580 వేగము 16 వ వంతు. ఆ పనిలో 580 యే ముందుండును.

పేరొకటి, సరుకొకటి

పాత కార్డు కొనువారు మోసపోవుటకు ఎక్కువ అవకాశము పేరులోనే యున్నది. 1060 అను పేరుతోనే 2016 ఆగస్టులో 3 గిగాబైట్ల రకము వచ్చినది. దానిలో తగ్గినది మెమొరీ ఒక్కటే కాదు. లెక్కకట్టు భాగములు కూడ 1,152 మాత్రమే. అట్లే 2018 లో చైనా అంగడికి 2,048 భాగములు గల 580 రకము విడుదల అయినది. అసలు 580 లో ఉన్నవి 2,304. కొనుటకు ముందు కార్డును కంప్యూటరునందు అమర్చించి, జీపీయూ-జడ్ వంటి ఉచిత ప్రోగ్రాముతో ఈ సంఖ్యలను సరిచూచుకొనుట మేలు.

కార్డు గతచరిత్రను కూడ విచారింపవలెను. 2017-18 లోను, 2020-22 లోను ఈథీరియమ్ వంటి క్రిప్టోనాణెముల గణనకొరకు ఇట్టి కార్డులను రాత్రింబవళ్లు నడిపిరి. ఆ కాలమున వీని ధరలు విడుదలధరను మించి పెరిగెను. 2022 సెప్టెంబరు 15 న ఈథీరియమ్ ఆ పద్ధతిని విడిచినది. నిరుపయోగమైన కార్డులు పెద్దయెత్తున పాతసామాను అంగడికి చేరెను. ఎడతెగక పనిచేసిన కార్డులో ముందుగా అరుగునవి ఫ్యానులు. చిప్పుపై పూసిన వేడిని మోయు ముద్ద ఎండిపోవును. ఒక గంటసేపు పూర్తి భారముతో నడిపి, వేడిమి మితిమీరుచున్నదా, తెరపై వింత చుక్కలు, గీతలు కనబడుచున్నవా అని పరిశీలింపవలెను.

పాతదనపు హద్దులు

కిరణముల మార్గమును అనుసరించి వెలుతురును లెక్కించుటకు ప్రత్యేకభాగములు ఈ రెండు కార్డులలోను లేవు. 2024 డిసెంబరులో వెలువడిన 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్' వంటి ఆటకు ఆ భాగములు తప్పనిసరి. అట్టి ఆట వీనిపై నడువదు. తయారీదారుల ఆదరణయు తగ్గినది. ఏఎండీ 2023 లో 580 తరము కార్డులను వేరొక డ్రైవరు శాఖకు మార్చి, మార్పులను తగ్గించెను. ఎన్విడియా 2025 అక్టోబరుతో 1060 తరమునకు ఆటలకొరకైన డ్రైవర్లను ముగించి, 2028 అక్టోబరు వరకు భద్రతకు సంబంధించిన సవరణలను మాత్రమే ఇత్తునని ప్రకటించెను. ఎక్కువకాలము నిలుచునను ఆశతో పాత కార్డుపై ఎక్కువ సొమ్ము పెట్టుట తగదని దీనివలన తెలియుచున్నది.

కావున 1060 మేలా, 580 మేలా అని అడిగినవారిని నాలుగు ప్రశ్నలు తిరిగి అడుగవలెను. చేయదలచిన పని యేది? ఆ పనిలో సగటు వేగముతోపాటు కనిష్ఠవేగము ఎంత? కరెంటు, సరఫరాపెట్టె కలిపి మొత్తము వ్యయమెంత? పేరులో చెప్పిన సరుకే పెట్టెలో నున్నదా? విద్యుత్తు పొదుపు, బ్లెండర్ వంటి పనులు ముఖ్యమైనవారికి 1060 తగును. మెమొరీ ఎక్కువ కోరు ఆటలను తక్కువ ధరకు కొద్దిసేపు ఆడుకొనువారికి 580 తగును. ఉపాధ్యాయులు పై లెక్కలను తరగతిలో చేయించి, యూనిటు ధరను, వాడుక గంటలను మార్చి చూపినచో, ఒకే ప్రశ్నకు వేర్వేరు ఇండ్లలో వేర్వేరు సరియైన జవాబులుండునని విద్యార్థులు స్వయముగా గ్రహింతురు.